కుంగిన కృత్రిమ పచ్చిక: అతుకు వేయాలా, అడుగు తవ్వాలా, తీసేయాలా? తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఎంపిక సలహా

ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక, డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా, తిరుపతి, చిత్తూరు ఇళ్ల ఆవరణల్లో ఒకే రకం ఫిర్యాదు వినిపిస్తుంది. రెండు మూడేళ్ల కిందట ముచ్చటపడి పరిపించిన కృత్రిమ పచ్చిక మధ్యలో కుంగింది. అడుగు వేస్తే కింది నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. అతుకుల దగ్గర అంచులు లేచాయి. ఎండ కాసిన రోజున మురుగు వాసన వస్తోంది. వేసిన మనిషిని పిలిస్తే రెండే దారులు చూపిస్తాడు: జిగురు పెట్టి అతికించడం, లేదా మొత్తం పీకేసి కొత్తది వేయడం. ఈ రెండింటికీ మధ్య ఇంకా చాలా దారులున్నాయి. వాటిలో మీ ఇంటికి ఏది సరిపోతుందో గడ్డిని చూసి చెప్పలేం. దాని కింద ఎలాంటి మట్టి ఉంది, ఆ మట్టిలోకి నీరు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోవాలి అన్న మూడు సంగతులు తెలిస్తేనే చెప్పగలం.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. పాడైందని చెత్తబండికి ఎత్తేస్తున్న పచ్చికలో చాలా భాగం ఇంకా కొన్నేళ్లు పనికొచ్చేదే. చెడింది దాని కింది పొర. ఆ పొరను అలాగే వదిలేసి పైన ఎంత ఖరీదైన గడ్డి పరిచినా మరుసటి కార్తీకానికి మళ్లీ అదే బురద. అందుకే నూరు రూపాయలు ఖర్చు పెట్టగలిగితే అందులో పెద్ద వాటా కంకరకు, పైపుకు, కూలికి వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను.

అన్నిటికంటే ముందు మిద్దె నీళ్లు

ఒక చిన్న లెక్క వేయండి. 300 చదరపు అడుగుల పచ్చిక మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,800 లీటర్ల నీరు. పక్కనే ఉన్న 1,000 చదరపు అడుగుల మిద్దె మీద అదే వాన పడితే దాదాపు 9,300 లీటర్లు. వాయుగుండం పట్టిన రోజున ఇంత వాన మన ప్రాంతంలో వింతేమీ కాదు. మిద్దె పైపును పచ్చిక అంచున నేల మీదికి వదిలేసి ఉంటే, ఆ చిన్న ముక్క నేల తన వాటాకు నాలుగు రెట్లకు పైగా నీరు మోయాలి. ఏ నేలా మోయలేదు.

కాబట్టి ఎవరి దగ్గరా ధర అడగకముందే వానలో గొడుగు వేసుకుని ఒకసారి బయట నిలబడి చూడండి. మిద్దె నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి, ఏసీ నీళ్లు, బట్టలుతికే చోటి నీళ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి పొర్లే నీళ్లు ఎటు పోతున్నాయి? రెండు పీవీసీ వంపులు, ఒక 20 అడుగుల పైపుతో మిద్దె నీటిని నేరుగా బయటికి పంపిస్తే సగం జబ్బు తగ్గిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మిగతా మరమ్మతులన్నిటిలోకీ చవకైనది, అందరూ ఆఖరికి గుర్తు చేసుకునేది కూడా ఇదే.

పచ్చిక బతికి ఉందా?

ఒక మూల ఎత్తి చూడండి. పోచను వేళ్ల మధ్య గట్టిగా నలిపితే పొడి రాలితే, లేదా వంచగానే విరిగితే, ఎండ దాన్ని తినేసింది. అడుగు పొరను మడిచినప్పుడు నల్లని రబ్బరు పూత పెచ్చులుగా ఊడితే, పోచలు కుచ్చులు కుచ్చులుగా చేతికొస్తే, అది ఇక అతుకును పట్టుకోదు. చవక రకాల్లో అడుగున లేటెక్స్ పూత ఉంటుంది. ఎప్పుడూ తడిలో నానుతూ ఉంటే అది త్వరగా చెడుతుంది. పాలీయూరేథేన్ పూత తడిని బాగా ఓర్చుకుంటుంది.

పోచ గట్టిగా, పూత బాగా ఉంటే దాన్ని కాపాడుకోవడమే మంచిది. ఎత్తిన ముక్క మీద ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి వెంటనే కారిపోవాలి. గట్టి బోరు నీళ్లతో ఏళ్ల తరబడి కడిగిన చోట తెల్లటి ఉప్పు, దుమ్ము కలిసి ఆ రంధ్రాలు పూడుకుపోతాయి. అలాంటప్పుడు నాలుగు అంగుళాల ఎడంలో కాల్చిన సన్నని ఇనుప చువ్వతో కొత్త రంధ్రాలు పెట్టుకోవచ్చు. నీళ్లు నిలవడానికి మొత్తం కారణం ఇదే అయితే మీరు అదృష్టవంతులు, నేల జోలికి పోనక్కరలేదు.

మన నేలలు, వాటి కష్టాలు

ఊరంతా ఒకటే నేల కాదు. తిరుపతిలోనే అలిపిరి, జీవకోన వైపు కొండ అడుగున ఉన్న ఇళ్లకు రాళ్లు కలిసిన ఎర్రమట్టి. అది నీటిని బాగానే వదులుతుంది. అక్కడి కష్టం పై నుంచి వచ్చే నీరు. 2021 నవంబరులో శేషాచలం కొండల నీరు కపిలతీర్థం, అలిపిరి దారుల వెంట ఊళ్లోకి ఎలా దూకిందో చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. అంతటి వరద లేని ఏడాది కూడా వాన వెలిశాక రోజుల తరబడి కొండ వైపు గోడ అడుగు నుంచి ఊట వస్తూనే ఉంటుంది. పచ్చిక కింద అది కనిపించదు, పునాది వైపు పాకుతూ పోతుంది.

చిత్తూరు వైపు చాలా చోట్ల ఎర్రమట్టి పొర పలుచన, దాని కింద బండ. నీరు మొదటి అడుగు చకచకా దిగి, బండ మీద ఆగిపోతుంది. పైకి చూస్తే నేల మంచిదనిపిస్తుంది, పెద్ద వానకు మాత్రం ఉన్నట్టుండి నిండిపోతుంది. ఇక్కడ గడ్డపారతో నాలుగైదు చోట్ల పొడిచి, ఎంత లోతున 'ఠంగ్' మంటుందో తెలుసుకోకుండా ఏ ఆలోచనా చేయకూడదు.

చెరువుల ఆయకట్టులో ఉన్న పాత మాగాణి భూములు లేఅవుట్లయిన చోట బంకమన్ను, కొన్ని చోట్ల అచ్చమైన నల్లరేగడి. ఇది అన్నిటికంటే మొండిది. వానకు ఉబ్బుతుంది, ఏప్రిల్ మే ఎండలకు కుంచించుకుపోయి బెత్తెడు బెత్తెడు నెర్రెలు తీస్తుంది. పైన పరిచినదాన్ని ఏటా కాస్త ఎత్తి, కాస్త దించి, అతుకుల్ని ఊడదీస్తుంది.

నాలుగోది, మెరక చేసిన స్థలం. పల్లపు ప్లాటును కూల్చిన ఇళ్ల శిథిలాలతో, దొరికిన మట్టితో నింపి, రెండు నెలల్లో ఇల్లు మొదలుపెట్టేస్తారు. ఆ నింపుడు ఏళ్ల పాటు దిగుతూనే ఉంటుంది. పచ్చిక మధ్యలో గిన్నెలాంటి గుంట పడితే ముందు దీన్నే అనుమానించండి. గోడ వారగా సొరంగంలా కుంగితే పందికొక్కుల పని.

నేల గుణం తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. పచ్చిక ఎత్తిన చోట అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఎండిన నేల మొదటి నీళ్లను ఆబగా తాగేస్తుంది, ఆ లెక్క పనికిరాదు. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్ల మీద గుర్తు పెట్టి, గంటకు ఎంత దిగిందో కొలవండి. రెండు అంగుళాలు, అంతకంటే ఎక్కువ దిగితే నేల మీకు సాయం చేస్తుంది. అర అంగుళం కూడా దిగకపోతే ఆ నేలలోకి నీరు ఇంకించాలన్న ఆలోచనే మానుకోండి, బయటికి పంపడం ఒక్కటే దారి. మధ్యలో ఉంటే రెండూ కలిపి చేయాలి. ఈ ఒక్క పరీక్షకు ఒక పూట పడుతుంది. వేల రూపాయల నిర్ణయం దీని మీద ఆధారపడి ఉంది.

జిగురు పట్టీ, చిన్న అతుకు

నేల బాగుండి, పచ్చిక మాత్రమే ఒకచోట చెడితే ఇది చాలు. దీపావళి నిప్పురవ్వలకు కాలిన మచ్చ, కార్తీక దీపం ఒరిగి నూనెతో అంటుకున్న చోటు, కుర్చీ కాళ్లకు చిరిగిన జాగా, లేచిన అతుకు. గంట రెండు గంటల పని, ఖర్చు తక్కువ.

ఇందులో ఎక్కువ మంది పప్పులో కాలేసేది రంగు దగ్గర. మూడేళ్లు ఎండిన పచ్చిక పక్కన కొత్త ముక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి చక్కని ఉపాయం ఉంది. మొక్కల కుండీల వెనుకో, సంపు పక్కనో ఎవరూ చూడని చోటి నుంచి పాత ముక్క కోసి మచ్చ దగ్గర వేయండి, కొత్త ముక్కను ఆ చాటు చోట వేయండి. పోచలు వాలిన దిక్కు మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి. కోయడం ఎప్పుడూ అడుగు వైపు నుంచి, కుట్ల వరుసల మధ్యగా. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించకూడదు, పక్కపక్కన చేర్చాలి. కింద 12 అంగుళాల వెడల్పు అతుకు పట్టీ, దాని మీద రెండు డబ్బాలుగా వచ్చే పాలీయూరేథేన్ జిగురు. చెక్కపనికి వాడే తెల్లజిగురు మొదటి వానకే వదిలేస్తుంది. అతికించాక ఇసుక మూటలు పెట్టి ఒక రోజు కదపకండి.

మరొక సంగతి. కిటికీ అద్దం నుంచి మళ్లిన ఎండ ఒకే గీతలో పడి పోచ కరిగిపోవడం ఉంది. అలాంటి చోట అతుకు వేస్తే అదీ కరుగుతుంది. ముందు ఆ కిటికీకి బయటి నుంచి తెరో, నెట్టో కట్టాలి.

నీళ్లు నిలిచే చోట అతుకు వేయించుకోవడం మాత్రం డబ్బు పారేసుకోవడమే. తడి మీద జిగురు పట్టదు, పట్టినా నిలవదు.

పాత పచ్చిక ఎత్తి, అడుగు సరిచేసి, మళ్లీ అదే పరచడం

చాలా ఇళ్లకు నేను సూచించేది ఇదే, గుత్తేదారులు ఇష్టపడనిదీ ఇదే. కొత్త పచ్చిక అమ్మితే మిగిలే లాభం ఇందులో ఉండదు, శ్రమ మాత్రం రెట్టింపు. అందుకే 'పాతది మళ్లీ వేస్తే బాగుండదు సార్' అంటారు. పోచ, పూత బాగున్నాయని మీరు పరీక్షించి చూసుకుంటే ఆ మాటకు లొంగనక్కరలేదు.

ఎత్తగానే కింద ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకటి, పాలిథీన్ పట్టా. కలుపు రాకుండా ఉంటుందని దాన్ని పరిచేస్తారు. నీరంతా దాని మీదే నిలుస్తుంది, వాసనకు మూలం అదే. తీసేయండి. దాని బదులు నీటిని వదిలే, నొక్కితే దుప్పటిలా మెత్తగా ఉండే జియోటెక్స్‌టైల్ గుడ్డ కావాలి. రెండు, ఉత్త క్రషర్ డస్ట్. మెత్తటి రాతిపొడిని మందంగా పోసి దిమ్మిస కొడితే అది దాదాపు సిమెంటు గచ్చులా బిగుసుకుంటుంది, నీరు దిగదు. మూడు, ఎర్ర గ్రావెల్. ట్రాక్టరు మనిషి 'గ్రావెల్' అని తెచ్చేది మట్టి కలిసిన మొరం. రోడ్డు అడుగుకు అది మంచిదే, నీటిని వదలాల్సిన చోటికి పనికిరాదు. మీకు కావలసింది కడిగినట్టుగా ఉండే 20 మిల్లీమీటర్ల కంకర అని రాసిచ్చి మరీ తెప్పించుకోండి.

కొత్త అడుగు ఇలా ఉండాలి. పాత పొర, ఆరు అంగుళాల మట్టి తీసేయాలి. తుంగగడ్డలు కనిపిస్తే ఒక్కటి కూడా మిగలకుండా ఏరాలి, తుంగ మొలక గుడ్డనే కాదు, పచ్చికను కూడా పొడుచుకుని పైకి వస్తుంది. అడుగు మట్టినే వాలుగా చెక్కి, పది అడుగులకు ఒకటింపావు అంగుళం వాలు ఉండేలా నీళ్ల గొట్టం లెవెల్‌తో చూసి దిమ్మిస కొట్టాలి. పైపైన కంకరతో వాలు తెచ్చి, కింద మట్టిని బల్లపరుపుగా వదిలేస్తే నీరు కింద మడుగు కడుతుంది. మట్టి మీద జియోటెక్స్‌టైల్, దాని మీద నాలుగు అంగుళాల 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన అంగుళం మందాన 6 మిల్లీమీటర్ల చిప్స్, అంటే సన్న కంకర. ఒక్కొక్క పొరను వేరుగా కుదించాలి. 300 చదరపు అడుగులకు నాలుగు అంగుళాల కంకర అంటే 100 ఘనపుటడుగులు, సరిగ్గా ఒక యూనిట్. కుదింపులో తగ్గేదాన్ని కలుపుకుని యూనిట్‌ మీద మరో పావు తెప్పించుకోవాలి. చిప్స్ పావు యూనిట్‌కు కాస్త పైన.

అంచుల్లో చెక్క బద్దలు వద్దు, చెదలు వాటిని రెండేళ్లు ఉండనివ్వవు. సిమెంటులో నిలబెట్టిన ఇటుక వరుసో, కడప రాళ్ల పలకలో పెట్టించండి. పందికొక్కుల బెడద ఉన్నచోట ప్రహరీ వారగా జీఐ వెల్డెడ్ మెష్‌ను అడుగున్నర లోతుకు దించితే ఆ బాధ తగ్గుతుంది.

నల్లరేగడిలో ఇంతే చేస్తే చాలదు. తవ్వకం ఆరు బదులు తొమ్మిది అంగుళాలు పోవాలి, కంకర ఆరు అంగుళాలు కావాలి, అడుగునున్న నీటికి బయటికి దారి తప్పనిసరి. మట్టి బాగా ఎండి నెర్రెలిచ్చినప్పుడు ఈ పని మొదలుపెట్టకండి. వానలకు అది ఉబ్బి చేసిన వాలంతా తారుమారవుతుంది. నెర్రెలు పడకముందు, చేతికి తడి తగిలే స్థితిలో చేయడం మంచిది.

కంకర కాలువ: పచ్చికను ముట్టకుండా నీటిని మళ్లించడం

కొండ అడుగు ఇళ్లకు, పక్క స్థలం ఎత్తుగా ఉన్న ఇళ్లకు మొదట చేయాల్సింది ఇది. పచ్చికకు ఎగువ అంచున ప్రహరీ వెంట అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వి, జియోటెక్స్‌టైల్ పరిచి, రంధ్రాలున్న 4 అంగుళాల పీవీసీ పైపును రంధ్రాలు కిందికి ఉండేలా పెట్టి, చుట్టూ కంకర నింపి, గుడ్డను పైన మూసేయాలి. పైపుకు నూరు అడుగులకు ఒక అడుగు వాలు. 30 అడుగుల కాలువకు సుమారు అర యూనిట్ కంకర, 20 అడుగుల పైపులు రెండు. మలుపు దగ్గర మూత ఉన్న ఒక చిన్న తొట్టి (ఛాంబర్) కట్టించుకుంటే ఏటా సెప్టెంబరులో మూత తీసి కడుక్కోవచ్చు. ప్రహరీ పునాది చిన్నదైతే దానికి ఆనుకుని తవ్వకండి, రెండడుగులు ఎడంగా జరగండి.

ఈ పని బాగా చేస్తే పచ్చికను అసలు ఎత్తకుండానే ఆరిపోయే ఆవరణలు ఉన్నాయి. అందుకే కొండ వైపు ఇళ్లవాళ్లు ఒక వానాకాలం ఈ కాలువతో గడిపి చూసి, అప్పుడు మిగతా సంగతి నిర్ణయించుకోవడం లాభం.

చిక్కంతా నీటిని ఎక్కడికి వదలాలన్న దగ్గరే వస్తుంది. మన వీధుల్లో పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోసుకుంటూ పోవడంతో చాలా ఇళ్ల ఆవరణలు రోడ్డు కంటే పల్లమైపోయాయి. కాలువ తవ్వించే ముందు మీ పైపు చివర, బయట మురుగు కాలువ అడుగు, ఈ రెండింటిలో ఏది ఎత్తులో ఉందో లెవెల్ పట్టించండి. బయటిదే ఎత్తులో ఉంటే వానలో ఆ నీరే వెనక్కి తన్నుకొస్తుంది. అప్పుడు చిన్న సంపు కట్టి, నీటి మట్టాన్ని బట్టి తనంతట తానే ఆడే మోటారు పెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు. వాననీటి పైపును భూగర్భ మురుగు పైపులో మాత్రం కలపకండి. గట్టి వానకు అది పొంగితే మురుగు మీ పచ్చిక మీదికే వస్తుంది.

ఇంకుడు గుంత సంగతి ఇక్కడే చెప్పాలి. ఎండాకాలం ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మన ప్రాంతంలో వాన చుక్కను నేలలోకి దించడం కంటే మంచి పని లేదు, చేయగలిగిన ప్రతి ఇల్లూ చేయాలి. గంటకు రెండు అంగుళాలు ఇంకే ఎర్రనేలలో, ఇంటి పునాదికి కనీసం పది అడుగుల దూరంలో, అది అద్భుతంగా పనిచేస్తుంది. బంకమన్నులో మాత్రం అదే గుంత నీటితొట్టిగా మారి దోమలను పెంచుతుంది. చిత్తూరు బండనేలలో మూడడుగులకే బండ తగిలితే ఆ గుంత పట్టే నీరు చాలా కొద్ది.

సిమెంటు గచ్చు పోసి దాని మీద పచ్చిక

మేస్త్రీలు ఎక్కువగా చెప్పే సలహా ఇదే: 'మూడు అంగుళాల కాంక్రీటు పోసేస్తే పీడ వదులుతుంది.' ఇంటి పక్కన నాలుగడుగుల సందుకు నేనూ ఒప్పుకుంటాను. తుంగ రాదు, పందికొక్కు రాదు, వాలు చక్కగా పెడితే నీరు జారిపోతుంది. విశాలమైన ముంగిలికి మాత్రం ఒప్పుకోలేను. నల్లరేగడి మీద పలుచటి కాంక్రీటు పగలడం ఖాయం. పగిలాక నీరు ఏ పగుల్లో దూరి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఎర్రనేల మీద అయితే, ఇంకగలిగిన నేల నోరు మూసి ఆ నీటిని వీధిలోకి నెట్టినట్టే. మీరు వదిలిన నీరు పల్లంలో ఉన్న మరో ఇంట్లోకి చేరుతుంది.

ఇప్పటికే గచ్చు ఉండి, దాని మీద మడుగులు కడుతుంటే పగలగొట్టనక్కరలేదు. బొడిపెలున్న డ్రైనేజ్ షీటును పరిచి దాని మీద పచ్చిక వేస్తే నీరు ఆ బొడిపెల సందుల్లోంచి పారుతుంది. మిద్దె మీద పరిచే పచ్చికకు కూడా ఇదే పద్ధతి.

కొత్త పచ్చిక, లేదా అసలే వద్దనుకోవడం

పోచ రాలిపోతుంటే కొత్తది తప్పదు. 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఎత్తు, పాలిథిలీన్ పోచ, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రకమని రాతపూర్వక హామీ, తడి ఆవరణకు పాలీయూరేథేన్ అడుగు పూత. ఇంతకంటే ఎత్తు పోచ దుకాణంలో అందంగా కనిపిస్తుంది, ఇంట్లో ఆరు నెలలకు పడుకుంటుంది. మన దగ్గర చుట్టలు సాధారణంగా రెండు మీటర్ల వెడల్పులో వస్తాయి. మీ ఆవరణ కొలతకు అతుకులు తక్కువ పడేలా చుట్టను ఎటు పరచాలో కాగితం మీద గీసుకుని చూడండి. అతుకు నీటి వాలుకు అడ్డంగా కాకుండా, వాలు వెంట పోవాలి.

వద్దనుకోవడం కూడా ఒక ఎంపికే, దాన్ని ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. మధ్యాహ్నపు నడి ఎండలో కృత్రిమ పచ్చిక ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు. నీళ్లు చల్లితే కాసేపు చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది. పడమటి ఎండ పూర్తిగా పడే ఆవరణ, ఇంట్లో పాకే బిడ్డ, పెంపుడు కుక్క, కింద బంకమన్ను: ఈ నాలుగూ కలిసిన ఇంట్లో మళ్లీ కృత్రిమ పచ్చిక వేయమని నేను చెప్పలేను. కుక్క మూత్రం బంకమన్నులోకి దిగక కంకరలోనే నిలిచి, ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. అక్కడ సందులు వదిలి పరిచిన రాతిపలకలు, వాటి మధ్య గరిక వేసుకోవడం మేలు. నర్సరీలో బెర్ముడా పేరుతో అమ్మేదీ, వినాయకుడికి మనం పెట్టే గరికా ఒకే జాతి. ఎండను ఓరుస్తుంది, రెండు మూడు రోజులు నీళ్లు నిలిచినా చావదు, వేసవిలో ఎండినట్టు కనిపించినా వానకు మళ్లీ చిగురిస్తుంది. నీడలో మాత్రం బతకదు. మామిడి, వేప నీడ దట్టంగా ఉన్న చోట గడ్డి పిచ్చి వదిలేసి, రాలిన ఆకును నేల మీదే పరచుకోవడం చెట్టుకూ మంచిది.

ఏ ఇంటికి ఏది?

జీవకోన లాంటి చోట, కొండ వైపు గోడ తడిగా ఉంటే: మిద్దె పైపు మళ్లింపు, ఎగువ కంకర కాలువ. ఒక వానాకాలం ఆగండి. అప్పటికీ కుంగుడు ఉంటే ఆ మేరకే ఎత్తి సరిచేయించండి.

చిత్తూరులో రెండడుగులకే బండ తగిలే ఆవరణలో తవ్వడం కంటే ఎత్తు పెంచడం తెలివైన పని. మట్టి మీద ఆరు అంగుళాల కంకర లేపి, దిగువ అంచున కాలువ పెడితే నీరు బండ మీదుగా జారి దానిలో పడుతుంది. గడప ఎత్తు, ఇంటి గోడలోకి తేమ ఎక్కకుండా అడ్డుకునే పొర ఎంత ఎత్తులో ఉన్నాయో ముందు చూసుకోవాలి. పచ్చిక ఆ పొర కంటే పైకి పోతే తేమ గోడల్లోకి ఎక్కుతుంది.

బంకమన్ను, పైగా రోడ్డు కంటే పల్లం: అన్నిటికంటే కష్టమైన ఇల్లు ఇదే. చేతిలో డబ్బు పరిమితమైతే సంపు, మోటారుకే ఖర్చు పెట్టి, పచ్చిక విస్తీర్ణాన్ని సగానికి తగ్గించండి. మిగతా సగంలో కాస్త ఎత్తు చేసిన మడుల్లో అరటి, కనకాంబరం, కరివేపాకు వేసుకోండి. నింపుడు మట్టి స్థలమైతే తొందరపడకండి. రెండు వానాకాలాలు దిగనిచ్చి, అప్పటిదాకా చిన్న చిన్న గుంటలను చిప్స్‌తో ఎత్తుకుంటూ రావడమే నయం.

అద్దె ఇల్లయితే అతుకు, మిద్దె పైపు. అంతే. మిగతాది యజమానితో మాట్లాడాల్సిన విషయం.

ఎప్పుడు, ఎలా చేయించాలి

అడుగు పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. నేల తవ్వడానికి అనువుగా ఉంటుంది, వాన భయం ఉండదు. జూన్ నుంచి నైరుతి జల్లులు, అక్టోబరు మధ్య నుంచి అసలు వానలు. అక్టోబరులో పచ్చిక ఎత్తి కూర్చుంటే మట్టి బురదై పని ఎటూ కాకుండా పోతుంది. అతుకులు వేయడం, పరచడం ఉదయాన్నే, లేదా పొద్దువాలాక. నడి ఎండలో పచ్చిక సాగి ఉంటుంది. అప్పుడు కొలిచి కోస్తే రాత్రికి ముడుచుకుని అతుకు దగ్గర సందు పడుతుంది.

గుత్తేదారుతో మాట్లాడేటప్పుడు చదరపు అడుగు ధర ఒక్కటే తేల్చుకుంటే సరిపోదు. ఎన్ని అంగుళాలు తవ్వుతారు, ఏ కంకర, ఎంత మందం, ఎన్ని పొరలుగా కుదిస్తారు, వాలు ఎటు, నీరు చివరికి ఎక్కడ పడుతుంది అన్నవి కాగితం మీద రాయించుకోండి. వీటికి జవాబు చెప్పకుండా పోచ మెత్తదనం గురించే మాట్లాడే మనిషిని వదిలేయండి. చివరి వాయిదా డబ్బు నీటి పరీక్ష అయ్యాకే ఇస్తానని ముందే చెప్పండి. నిజాయతీగా పని చేసేవారు దీనికి అభ్యంతరం చెప్పరు.

ఆ పరీక్షను పచ్చిక పరచకముందు, చిప్స్ పొర పూర్తయిన రోజున చేయాలి. 200 లీటర్ల డ్రమ్ము నీటిని ఎగువ అంచున ఒక్కసారిగా వదిలి, పది నిమిషాలు చూడండి. ఎక్కడైనా నీరు మెరుస్తూ నిలిస్తే అక్కడ సున్నంతో గుర్తు గీసి, మేస్త్రి ఉండగానే ఎత్తించండి, దించండి, మళ్లీ దిమ్మిస వేయించండి. దిగువన కాలువ, ఛాంబర్ ఉంటే దాని మూత తీసి అందులోకి నీరు వస్తోందో లేదో చూడండి. రాకపోతే పైపు వాలు తప్పి ఉండవచ్చు, ఆ రోజే తవ్వి చూసి సరిచేయించాలి. పచ్చిక పరిచాక ఇదే లోపం దొరికితే మళ్లీ అంతా ఎత్తాల్సి వస్తుంది.